నిద్ర, పేరు, వేరు: మూడు తెలుగు కథల గురించి

అబ్బూరి ఛాయాదేవి 'సుఖాంతం' కథను నేను మొదటిసారి చదివింది ఎం.బి.బి.ఎస్. రెండో సంవత్సరంలో, హాస్టలు గదిలో, మధ్యాహ్నం భోజనం చేసి మంచం మీద వాలి. అప్పుడు నాకది కాస్త హాస్యంగా రాసిన కథ అనిపించింది. ఒక ఆడమనిషికి జీవితమంతా నిద్ర చాలలేదట! ఇదీ ఒక సమస్యేనా అనుకున్నాను. అంతకు ముందు పదిహేడేళ్ళూ మా అమ్మ నన్ను తెల్లవారుజామున లేపి, స్టవ్వు వెలిగించి, పాలు కలిపిచ్చి, చదువుకోమని కూర్చోబెట్టేది. నన్ను లేపాలంటే తను నాకన్నా ముందు లేవాలి కదా అన్న లెక్క నాకు తట్టలేదు. లెక్కల్లో నాకు నూటికి తొంభై ఎనిమిది వచ్చేవి.

ఇప్పుడు యాభయ్యోపడి సగం దాటాక, పాతికేళ్ళుగా ఈ దేశంలో రోగులను చూస్తున్న వైద్యుడిగా ఆ కథనూ, దానితోపాటు మరో రెండు కథలనూ మళ్ళీ చదివాను. ఒకటి ఛాయాదేవిదే, 'బోన్‌సాయ్ బ్రతుకు'. రెండోది పి. సత్యవతి రాసిన 'ఇల్లలకగానే'. మూడూ ప్రసిద్ధమైనవే. మూడింటినీ మన విమర్శకులు 'స్త్రీవాదం' అనే అరలో సర్దిపెట్టారు. సర్దిపెట్టడంలో తప్పు లేదు. కానీ ఆ అర దగ్గరికి వెళ్ళే పాఠకుడు ముందుగానే ఒక దుర్మార్గుణ్ణి వెతుక్కుంటూ వెళతాడు: తాగుబోతు మొగుడో, కట్నం కోసం వేధించే అత్తో. ఈ మూడు కథల్లో అలాంటివాళ్ళు లేరు. కొట్టినవాళ్ళు లేరు, తిట్టినవాళ్ళూ లేరు. ఉన్నదల్లా ఒక ఏర్పాటు. ఎవరు ఎప్పుడు లేవాలి, ఎవరిని ఏమని పిలవాలి, ఎవరు ఎంత ఎత్తు పెరగాలి అన్న ఏర్పాటు. అది మనిషి ఒంట్లోకి ఎలా ఇంకుతుందో ఈ కథలు నమోదు చేశాయి. మేము రోగి చరిత్ర రాసుకునే పద్ధతికి అది చాలా దగ్గరగా ఉంటుంది.

'సుఖాంతం'లో కథ అనదగ్గది దాదాపు లేదు. చిన్నతనం నుంచీ ఆమెకు నిద్రంటే ఇష్టం. ప్రతి వయసులోనూ ఎవరో ఒకరు ఆ నిద్రకు అడ్డం. ఆడపిల్ల అయినందుకు పెందలాడే లేవాలి, భార్య అయినందుకు ఆలస్యంగా పడుకోవాలి, తల్లి అయినందుకు మధ్యలో లేవాలి. చివరికి అడిగేవాళ్ళు తగ్గి, తీరిక దొరికిన వయసులో నిద్ర తనంతట తనే రాకుండా పోతుంది. నిద్రమాత్రలు మింగి, ఎవరూ లేపలేని నిద్రలోకి జారుకుంటుంది. ఆ ముగింపుకే రచయిత్రి 'సుఖాంతం' అని పేరు పెట్టింది.

ఈ ముగింపుతో వైద్యుడిగా నాకు పేచీ ఉంది. మాత్రలను విశ్రాంతిగా చూపించడం ప్రమాదమని నాలోని వైద్యుడు అంటాడు. అయితే కథ మొత్తంలో ఆమె చావు కోరుకున్నట్టు నాకెక్కడా కనపడలేదు. ఆమె కోరుకున్నది నిద్ర. ఈ తేడా ఎంత సన్నదో పరీక్ష గదిలో కూర్చున్నవాళ్ళకు తెలుస్తుంది. "బతకాలని లేదా?" అని నేను అడగవలసిన ప్రశ్న అడిగితే, "అదేం లేదండీ, ఒక వారం రోజులు ఎవరూ నన్ను పిలవకుండా ఉంటే చాలు" అన్న జవాబు ఒకటి కాదు, చాలాసార్లు విన్నాను. ఛాయాదేవి ఆ సన్నగీత మీదే కథను నిలబెట్టింది. కానీ శీర్షికలోని వ్యంగ్యం మరీ ఎక్కువగా మెరవడం వల్ల, చదివినవాళ్ళు 'భలే' అనుకుని పేజీ తిప్పేస్తారు. నేను తిప్పేసినట్టే.

నిద్ర గురించి మా శాస్త్రం చెప్పేది ఆ కథకు వ్యాఖ్యానంలా ఉంటుంది. నిద్రకు గంటలు మాత్రమే కాదు, అఖండత కూడా కావాలి. ఏడు గంటలు మంచం మీద ఉన్నా మధ్యలో అయిదారుసార్లు లేచిన మనిషి మర్నాడు నిద్ర లేనివాడితో సమానం. ఇక లేవకపోయినా, లేవవలసి వస్తుందేమో అని ఒక చెవి తెరుచుకుని పడుకునే నిద్ర ఒకటుంది. చంటిబిడ్డ తల్లులకూ, మంచం పట్టిన అత్తగారున్న కోడళ్ళకూ అది అలవాటైపోతుంది. ఆ కారణం తొలగిపోయి పదేళ్ళయినా అలవాటు పోదు. అరవై ఏళ్ళ వయసులో నిద్ర పట్టడం లేదని వచ్చే ఆమెను, ముప్ఫయ్యేళ్ళ వయసులో ఎలా పడుకునేవారని అడగడం మా పాఠ్యపుస్తకాల్లో లేదు. 'సుఖాంతం'లో ఉంది. మన సభల్లో చలం మాటలు తరచూ వల్లిస్తాం. స్త్రీకి శరీరం, మెదడు, హృదయం ఉన్నాయని గుర్తుచేస్తూ ఆ మూడింటికీ ఏమేమి ఇవ్వాలో ఆయన చెప్పినవి. ఆ జాబితాలో నిద్ర లేదు. బహుశా అది మగవాడికి తట్టే విషయం కాదు.

ఇక్కడ నా సంగతి ఒకటి చెప్పాలి. 2001లో మా అబ్బాయి పుట్టినప్పుడు నేను రెసిడెన్సీ రెండో ఏడాదిలో ఉన్నాను. మా అత్తగారికి వీసా ఆలస్యమైతే, మా అమ్మ ముందుగా వచ్చింది. ఇలా రావడం మనలో ఎంత మామూలో ఈ పత్రిక పాఠకులకు చెప్పనక్కర్లేదు. సందర్శకుల వీసా మీద ఆరు నెలలు ఈ అమ్మ, ఆరు నెలలు ఆ అమ్మ. నాన్నలు కూడా వస్తారు. వాళ్ళు సోఫాలో కూర్చుని, ఇక్కడి రోడ్లు ఎంత శుభ్రంగా ఉన్నాయో చెబుతూ ఉంటారు. అప్పుడు మాకు ముప్ఫయ్యారు గంటల డ్యూటీలు ఉండేవి. డ్యూటీ దిగి నేను ఇంటికి వస్తే ఇల్లంతా నిశ్శబ్దం. బిడ్డ ఏడిస్తే అమ్మ ఎత్తుకుని కింద గరాజులోకి తీసుకెళ్ళేది. "డాక్టరుగారు నిద్రపోతున్నారు" అని మా ఆవిడతో గుసగుసగా అనడం ఒకసారి నా చెవినబడి, గర్వపడ్డాను కూడా.

వైద్యుల నిద్రకు ఈ దేశంలో ఒక చరిత్ర ఉంది. 1984లో న్యూయార్కులో లిబ్బీ జాయన్ అనే పద్దెనిమిదేళ్ళ అమ్మాయి ఆసుపత్రిలో చనిపోయింది. విపరీతంగా అలసిన రెసిడెంట్ల చేతిలో పేషెంట్ల గతేమిటని తండ్రి పోరాడాడు. 1989లో న్యూయార్కు రాష్ట్రం వారానికి 80 గంటల పరిమితి పెట్టింది. 2003 నుంచి అది దేశమంతటా రెసిడెంట్లకు వర్తించింది. అలసిన మనిషి చేతిలో మరొకరి ప్రాణం ఉంటుంది కాబట్టి అలసటకు హద్దు ఉండాలన్నది అందులోని తర్కం. సరిగ్గా అదే తర్కంతో, మూడు వారాల పసిగుడ్డును చేతుల్లో పెట్టుకుని నాలుగు గంటల నిద్రతో తిరుగుతున్న యాభై మూడేళ్ళ మనిషికి ఎన్ని గంటల పరిమితి ఉండాలి? నేను ఆ ప్రశ్న వేసుకోలేదు.

రెండో నెలలో అమ్మ "నిద్ర సరిగా పట్టడం లేదురా, ఏదైనా బిళ్ళ ఉంటే ఇవ్వు" అంది. ఇంట్లోవాళ్ళకు మందులు రాయకూడదన్న నియమం తెలిసీ నేనే ఇచ్చాను. ఆంబియన్, 10 మిల్లీగ్రాములు. అప్పట్లో ఆ వయసువాళ్ళకు, ఆడవాళ్ళకైనా మగవాళ్ళకైనా, మామూలు మోతాదు అదే. నాలుగో రోజు పొద్దున్నే అయిదు గంటలకు లేచి, వంటింట్లోకి నడుస్తూ తూలి, గట్టు అంచుకు నుదురు కొట్టుకుంది. మూడు కుట్లు పడ్డాయి. "ఇన్నాళ్ళకు మా అత్తయ్యగారికి మత్తుగా నిద్రపట్టింది" అని మా ఆవిడ, "నీ కొడుకు డాక్టరీ ఇదీ" అని మా నాన్న అంటే అందరం నవ్వుకున్నాం. అమ్మ కూడా నవ్వింది.

2013 జనవరిలో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్.డి.ఎ. ఆ మందు మోతాదును స్త్రీలకు సగానికి, అంటే 5 మిల్లీగ్రాములకు తగ్గించింది. కారణం: స్త్రీల శరీరం ఆ మందును నెమ్మదిగా వదిలించుకుంటుంది. 10 మి.గ్రా. మింగిన ఎనిమిది గంటల తర్వాత కూడా, బండి నడపడం ప్రమాదమనదగ్గ స్థాయిలో మందు రక్తంలో మిగిలినవాళ్ళు స్త్రీలలో సుమారు 15 శాతం, పురుషులలో 3 శాతం. ఆ మందుకు ఎఫ్.డి.ఎ. ఆమోదం వచ్చింది 1992లో. మోతాదు మార్చడం సబబేనా అన్నదాని మీద తర్వాత భిన్నాభిప్రాయాలు వచ్చాయి, అది వేరే చర్చ. ఆ ప్రకటన చదివిన రోజు నాకు మా అమ్మ నుదుటి మీది గీత గుర్తొచ్చింది. ఎనిమిది గంటలు కూడా కాలేదు. ఆమె పడుకున్నది పదకొండింటికి, లేచింది అయిదింటికి. మందు తన పని తాను చేసింది. లేవక్కర్లేదని ఎవరూ చెప్పకపోవడం మాత్రం నేను రాయని మందుచీటీ.

స్త్రీల మోతాదు తెలుసుకోవడానికి ఇన్నేళ్ళు ఎందుకు పట్టిందన్న ప్రశ్న మనల్ని రెండో కథ దగ్గరకు తీసుకెళుతుంది. 1977లో ఎఫ్.డి.ఎ. ఒక మార్గదర్శకం జారీ చేసింది: గర్భం ధరించే అవకాశమున్న స్త్రీలను కొత్త మందుల తొలి దశ పరీక్షల్లో చేర్చుకోవద్దని. థాలిడొమైడ్ విషాదం తరువాత వచ్చిన జాగ్రత్త అది. ఉద్దేశం చెడ్డది కాదు. 1993లో దాన్ని సడలించారు. కానీ ఆ పదహారేళ్ళూ ఆ నిబంధన దృష్టిలో స్త్రీ ఎవరు? గర్భం ధరించగలది. పెళ్ళికానిదైనా, పిల్లలు వద్దనుకున్నదైనా, భర్త శస్త్రచికిత్స చేయించుకున్నదైనా సరే. ఆమె పేరు, ఆమె ఉద్దేశం, ఆమె జీవితం అక్కడ అప్రస్తుతం. ఆమె ఒక పాత్ర, అంతే.

సత్యవతి 'ఇల్లలకగానే'లో గృహిణి కూడా ఇలాంటి పాత్రే. చదువూ చలాకీతనమూ ఉన్న అమ్మాయి పెళ్ళి చేసుకుని, భర్త చూపించిన ఇంటిని మురిపెంగా అలికి ముగ్గులు పెట్టడంలో పడుతుంది. ఒకరోజు పనిలో ఉండగా, తన పేరేమిటో తనకే గుర్తు రావడం లేదని గ్రహిస్తుంది. పనిమనిషికి ఆమె అమ్మగారు, పిల్లలకు అమ్మ, ఇరుగుపొరుగుకు ఫలానా ఆయన భార్య. ఎవరినడిగినా తెలియదు, తెలియకపోవడం ఎవరికీ వింతగా లేదు. పుట్టింటికి వెళ్ళి వెతుక్కుంటుంటే, చిన్ననాటి స్నేహితురాలు చూసి "శారదా" అని పిలుస్తుంది. పేరు దొరికిందన్న ఆనందంతో ఇంటికొచ్చి, దుమ్ము దులపని సోఫాలో స్థిమితంగా కూర్చుంటుంది.

చిన్న కథ, హాయిగా చదివిస్తుంది. కొందరు దీన్ని అతిశయోక్తి అంటారు. ఎవరైనా సొంత పేరు మరిచిపోతారా అని. మా క్లినిక్కులో రెండు రోజులు కూర్చుంటే చాలు. పరీక్ష గదిలోకి దంపతులు వస్తారు. "నొప్పి ఎప్పటినుంచి అమ్మా?" అని నేను ఆమెను అడిగితే "ఆవిడకు వారం నుంచండీ" అని ఆయన చెబుతాడు. "ఎలాంటి నొప్పి?" "మంటగా ఉంటుందంటుంది." ఆమె కడుపులోని మంటకు ఆయన ప్రతినిధి. ఆయనను నేను ఇప్పుడు బయట కూర్చోమంటున్నాను, మర్యాదగానే. తలుపు మూసుకున్నాక మొదట కాసేపు మౌనం ఉంటుంది. తన ఒంటి గురించి తన మాటల్లో చెప్పుకోవడం ఆమెకు కొత్త. 'శారద' పేరు వెతుక్కోవడం ఇదే అని నేననుకుంటాను.

మగవాళ్ళ సంగతి వేరేమీ కాదు, తిరగేసి చూడండి. ఛాతీలో నొప్పి వచ్చిన మగవాణ్ణి "ఎలా ఉంది?" అంటే "నాకేం, బాగానే ఉన్నాను, ఈవిడే కంగారుపడి తీసుకొచ్చింది" అంటాడు. అప్పుడు ఆమె చెప్పాలి, నిన్న రాత్రి చెమటలు పట్టాయనీ, మెట్లెక్కి కూర్చుండిపోయాడనీ. తన బాధ చెప్పుకోవడం అతని పాత్రలో లేదు, తనకు బాధ ఉందని చెప్పుకోవడం ఆమె పాత్రలో లేదు. దీన్ని కథగా రాసిన తెలుగు మగ రచయిత నాకు ఇంతవరకూ తారసపడలేదు. నాన్నల త్యాగాల మీద మాత్రం బోలెడు రాశారు.

ఈ కథ మీద నాకు ఒక అసంతృప్తి ఉంది. పేరు దొరకగానే కథ అయిపోయింది. మర్నాడు ఇల్లు ఎవరు అలికారు? శారద భర్త ఆమెను పేరు పెట్టి పిలవడం నేర్చుకుని ఉంటాడు. మా తరం మగవాళ్ళం అందరం నేర్చుకున్నాం. అలకడం నేర్చుకోలేదు. భారత ప్రభుత్వం 2019లో జరిపిన సమయ వినియోగ సర్వేలో, జీతం లేని ఇంటిపని ఏదో ఒకటి చేసిన స్త్రీలు దానికి రోజుకు సగటున 299 నిమిషాలు వెచ్చిస్తే, పురుషులు వెచ్చించింది 97 నిమిషాలు. అది కూడా ఆ పని చేసినవారిలో లెక్క; అసలు ఆ పని ముట్టుకున్నవారు స్త్రీలలో 81.2 శాతం, పురుషులలో 26.1 శాతం. పేరు పెట్టి పిలవడానికి ఒక సెకను చాలు, కాబట్టే ఆ సంస్కరణ మనకు సులువైంది. ఈ విషయం సత్యవతికి తెలియదని కాదు. 'సూపర్ మామ్ సిండ్రోమ్' అని మా వైద్యుల పరిభాషనే శీర్షికగా పెట్టి మరో కథ రాసింది ఆవిడే. ఆడా మగా అనే చట్రం బయట నిలిచిన ఎ. రేవతి ఆత్మకథను 'ఒక హిజ్రా ఆత్మకథ'గా తెలుగులోకి తెచ్చి, 2019కి సాహిత్య అకాడెమీ అనువాద పురస్కారం పొందిందీ ఆవిడే. పాత్రలు మనుషుల్ని ఎలా బిగిస్తాయో అంత దూరం వెంబడించిన రచయిత్రులు తక్కువ.

మన తెలుగు సంఘాల మాతృదినోత్సవ సభల్లో సన్మానపత్రాలు చదువుతుంటారు. 'అలుపెరగని తల్లి' అన్న మాట లేని పత్రం నేను వినలేదు. వైద్యుడికి ఆ మాట వినగానే ఉలికిపాటు రావాలి. అలుపు శరీరం ఇచ్చే హెచ్చరిక. అది ఎరగని మనిషి జబ్బు మనిషి. అలుపు ఎరిగినా చెప్పుకోనివ్వని మనుషుల మధ్య ఉన్నదైతే, సన్మానపత్రం చదవవలసింది ఆ వేదిక మీద కాదు.

'బోన్‌సాయ్ బ్రతుకు' ఈ మూడింటిలో అందరికీ తెలిసినదీ, నా ఉద్దేశంలో అందరూ సగమే చదివినదీ. పల్లెటూళ్ళో ఉండిపోయిన అక్కయ్య, ఢిల్లీలో ఉద్యోగం చేస్తున్న చెల్లెలి ఇంటికి వస్తుంది. పెద్దదాన్ని చదువు మాన్పించిన తండ్రి, చిన్నదాన్ని చదివించాడు. చెల్లెలు తను ముచ్చటగా పెంచుకుంటున్న బోన్‌సాయ్ చెట్లను చూపిస్తుంది: కుండీలో మరుగుజ్జు తురాయి. బయట వీధిలో అసలైన తురాయి చెట్టు ఉంది. గాలివాన వస్తే కుండీని లోపలికి తెచ్చుకోవాలి, వీధిలోని చెట్టు కిందకు మాత్రం మనుషులే వచ్చి తలదాచుకుంటారు. ఆ తేడా చూసి అక్కయ్య, ఆడదాని బతుకూ ఆ కుండీలో చెట్టులాంటిదే కదా అంటుంది.

ఈ ఉపమానాన్ని మన వ్యాసకర్తలు యాభై ఏళ్ళుగా మెచ్చుకుంటున్నారు. మెచ్చుకోవలసిందే. ఎక్కడా పాండిత్యం లేకుండా, చదువుకోని మనిషి నోట అది పలికించడం గొప్ప సంగతి. కానీ ఒక చిన్న ప్రశ్న. ఆ వేళ్ళు కత్తిరించింది ఎవరు? తండ్రి కాదు, బావగారు కాదు. చదువుకున్న చెల్లెలు. కొమ్మలు వంచి, వేళ్ళు కోసి, అందంగా ఉందని అతిథులకు చూపించుకుంటున్నది ఆమే. తనకు దొరికిన స్వేచ్ఛతో ఆమె అలవరచుకున్న అభిరుచి అది. ఛాయాదేవి దీన్ని ఎక్కడా ఎత్తి చూపదు, చెల్లెలి చేత పశ్చాత్తాప ప్రసంగం చేయించదు. ఢిల్లీలోనే గ్రంథాలయ ఉద్యోగం చేసిన రచయిత్రి ఆ చెల్లెల్ని తన పక్షం మనిషిగానే మలచి ఉంటుంది. అందుకే ఆ దెబ్బ లోతుగా తగులుతుంది.

మనం ఆ చెల్లెలి వంశం. సముద్రాలు దాటి వచ్చినవాళ్ళం. కూతుళ్ళను డాక్టర్లనూ ఇంజనీర్లనూ చేస్తాం, వీధిలోని తురాయిలా పెంచామని చెప్పుకుంటాం. అదే కూతురికి ముప్ఫయ్యేళ్ళు దాటితే సంబంధాల పట్టికలో 'సర్దుకుపోయే స్వభావం' అని రాస్తాం. నా కూతురు వైద్యవిద్య మూడో సంవత్సరంలో ఉంది. సర్జరీ చేస్తానంటే "కుటుంబం పెట్టుకున్నాక ఇబ్బంది కదమ్మా, డెర్మటాలజీ చూడకూడదూ" అన్నాను. అన్న మరుక్షణం నా చేతిలో కత్తెర కనబడింది. అదే సంవత్సరం మా అబ్బాయి, రాత్రీ పగలూ తేడా లేని ఒక స్టార్టప్ ఉద్యోగంలో చేరితే, కుటుంబం అన్న మాట నా నోట రాలేదు. మా అమ్మాయి నాకు జవాబు చెప్పలేదు. తరువాత వాళ్ళ అమ్మతో అందట: "నాన్న నా నిద్ర గురించి బెంగ పడుతున్నాడు, మంచిదే. మామ్మ నిద్ర గురించి ఎప్పుడైనా అడిగాడా?"

ఆ మాట నాకు చేరిన వారానికి అమ్మకు ఫోను చేశాను. గుంటూరులో అప్పుడు ఉదయం ఆరు. అమ్మకు డెబ్బై ఏడు, నాన్నకు ఎనభై మూడు. మాట్లాడుతుంటే వెనక స్టీలు గిన్నెల చప్పుడు.

"రాత్రి ఎన్నింటికి పడుకున్నావమ్మా?"

"పడుకున్నాన్లే నాన్నా. పదింటికి."

"లేచింది?"

"మీ నాన్న రెండింటికోసారి, నాలుగింటికోసారి లేస్తారుగా. పడిపోతారేమోనని నేనూ లేస్తా. నాలుగింటికి లేచాక ఇంకేం పడుకుంటాం?"

రాత్రిపూట ఒక మనిషిని పెట్టుకుందామని అన్నాను. డబ్బు నేను పంపుతానన్నాను. అమ్మ కాసేపు ఏమీ అనలేదు. తరువాత, "పరాయి మనిషి ఇంట్లో తిరుగుతుంటే నాకు నిద్రెట్లా పడుతుందిరా" అంది.